తగ్గాక కూడా

కొరుక్కుపేట రైల్వే గేటు పడిందంటే
మా మందుల షాపు ముందు బళ్ళు ఆగిపోతాయి.
గూడ్సు బండి వెళ్ళేదాకా పనేముంది,
ఒకరిద్దరు దిగి లోపలికొస్తారు.
తలనొప్పి మాత్ర గట్టిగా అడుగుతారు.
దగ్గు మందు ఇంకా గట్టిగా.
పక్కనెవరున్నారో చూసుకుని
గొంతు తగ్గించి "అక్కా" అన్నారంటే
చర్మం సంగతే.

పన్నెండేళ్ళయింది ఈ గాజు బల్ల వెనక.
ఎండాకాలం చంటిబిడ్డల మెడల మీద
ఆవాలు చల్లినట్టు చెమటకాయలు.
గులాబీ రంగు కాలమైన్ సీసా చేతికిచ్చి
పౌడరు దట్టించకండమ్మా, గాలాడనివ్వండి అంటాను.
"గాలా? మీ షాపులో అమ్ముతారా?"
అని నవ్వుతుంది రేకుల ఇంటి తల్లి.

వానలకి వీధులు మునిగి తేలాక
వేళ్ళ సందుల్లో నాని, తెల్లగా ఊడే తోలు.
ఇక్కడి మాటలో సేట్రుప్పుణ్, బురద పుండు.
మురుగు కాలవ తీసే అంజలై
చెప్పు విప్పడానికి ఎంత సిగ్గుపడిందో!
బూట్లివ్వలేదా అంటే
"ఇచ్చారు, రెండూ ఎడమ కాలివే" అంది.
దానికి నా దగ్గర ఏ ట్యూబూ లేదు.

ఎక్కువమంది వచ్చేది మాత్రం తామరకే.
మా నాయనమ్మ నడుం దగ్గర చీర జరిపి
తామర వచ్చిందే అంటే
చిన్నప్పుడు వంగి రేకుల కోసం వెతికాను.
అరవంలో దాన్ని పడై అంటారు.
పడై అంటే సైన్యం కూడా.
ఒకే వీధిలో ఇంత కాలం కలిసి బతికి
ఒకే గుండ్రానికి
మేం పువ్వు పేరు పెట్టుకున్నాం, వాళ్ళు దండు పేరు.
రాత్రి రెండింటికి లేచి గోక్కునేవాణ్ణడిగితే
ఎవరిది సరైన పేరో చెబుతాడు.

ఓబులేసు అడిగాడు ఒకసారి.
ప్రొద్దుటూరు వైపు వాడు,
మూడంతస్తులకీ నీళ్ళ క్యాన్లు మోస్తాడు,
భుజం ఎప్పుడూ తడే.
"మూడు దినాల్లో మాయం చేసే ట్యూబు ఉందంటనే,
గీరుకుంటా ఉంటే నిద్ర పట్టదక్కా."
ఆ ట్యూబులో ఏం కలుపుతారో నాకు తెలుసు.
మనమివ్వకపోతే ఎదురు షాపువాడిస్తాడు
అని మా ఓనరు ఇళంగోవన్ అనే మాటా తెలుసు.
ఇచ్చాను.
ఎదురు షాపువాడు కాదు, నేనే.

నెలకి తిరిగొచ్చాడు.
గుండ్రంలో గుండ్రం, దానిలో ఇంకోటి,
నీళ్ళలో రాయేసినట్టు.
గదిలో ఐదుగురట, ఒకటే తువ్వాలు,
లుంగీలకి ఒకటే తాడు,
నేనిచ్చిన ట్యూబూ ఒకటే.
ఓనరు టీకి వెళ్ళేదాకా ఆగి
స్టాన్లీ ఆసుపత్రి, చర్మం ఓపీ అని చీటీ మీద రాశాను.
ఇక నా చేతిలో పని కాదు, అది నా చేతి పని, అన్నాను.
రెండో ముక్క అతనికర్థం కాలేదు.

డాక్టరు మాత్రలిచ్చి ఉత్త క్రీము రాశారు.
పూసే పద్ధతి నేను చెప్పాను.
అంచు దాటి ఒక వేలెడు, బాగున్న తోలు మీద కూడా.
స్నానమయ్యాక ఆరనిచ్చి.
తువ్వాళ్ళు ఐదు. బట్టలు ఎండలో, తిరగేసి.
తగ్గాక కూడా రెండు వారాలు.
"తగ్గినాక ఎందుకక్కా? ల్యాని రోగానికి మందా?"
వెనక మనుషులున్నారు. గేటు లేస్తోంది.
జవాబు మొదలుపెట్టి, వదిలేసి,
పూయి, అన్నాను.

నిన్న గేటు పడినప్పుడు
క్యాన్ల బండి దిగకుండానే
నడిరోడ్డు మీద చొక్కా భుజం దాకా లాగి
"అక్కా, చూడు!"
అందరూ చూశారు.
కాఫీ రంగు మరక, దురద లేదట.
"మచ్చ పోవడానికేమన్నా ఉందా?"
ఉంది, దాన్ని ఊరికే వదిలెయ్యడం.
నవ్వి, ట్యూబులో ఇంకా సగం మిగిలిందన్నాడు.
నేను క్యాలెండరు వైపు చూసి లెక్కపెట్టాను.
బళ్ళ హారన్ల మధ్య వినిపించేలా
గట్టిగానే అరిచాను,
ఇంకా తొమ్మిది రోజులు.